‘రసాయనాలు కలపబడవు’ అన్న బోర్డు, దాని కింద కొట్టు

జాతీయ రహదారి దిగి కోనసీమలోకి మలుపు తిరిగాక, కాలువ గట్టు వెంట కొంత దూరం వెళ్ళేసరికి ఎడమ చేతి వైపున ఒక పెద్ద పిండివంటల దుకాణం కనిపిస్తుంది. దాని పేరు ఇక్కడ రాయడం లేదు. ఇందులో చెప్పబోయే లోపాలు ఆ ఒక్క కొట్టువే కావని, గోదావరికి ఇటూ అటూ ఉన్న అలాంటి కొట్లు చాలావాటికి వర్తిస్తాయని నా అనుమానం. ఒక్కరి పేరు రాస్తే మిగిలినవారంతా తమకేమీ సంబంధం లేనట్టు నిశ్చింతగా ఉంటారు. హైదరాబాదులో ఉన్న పిల్లలకు పంపడానికి గత సంక్రాంతికి ముందు మొదటిసారి వెళ్ళాను, తరువాత వేసవిలో రెండుసార్లు వెళ్ళాను. ముప్పై ఏళ్ళకు పైగా డిగ్రీ కళాశాలలో రసాయనశాస్త్రం చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాడిని కావడం వల్ల, కొన్న ప్రతి పొట్లం వెనకా చిన్న అక్షరాలలో ఏముందో చదవడం నాకు అలవాటు. మా ఆవిడ దృష్టిలో అదొక జబ్బు.

కొట్టు నెత్తిన పసుపు రంగు బోర్డు మీద ఎర్రటి అక్షరాలతో ‘మా వంటకాలలో ఎటువంటి రసాయనాలు, నిల్వ పదార్థాలు కలపబడవు’ అని రాసి ఉంటుంది. నీళ్ళు కూడా రసాయనమేనని తరగతిలో చెప్పిన నోటితో ఇక్కడ వాదన పెట్టుకోను. ఆ మాటకు జనం చెప్పుకొనే అర్థం వేరని నాకు తెలుసు. అయితే అదే బోర్డు కింద, గల్లాపెట్టె పక్క అరలో ఉన్న ఆవకాయ ప్యాకెట్టు వెనక ‘అసిడిటీ రెగ్యులేటర్ 260, ప్రిజర్వేటివ్ 211’ అని స్పష్టంగా ముద్రించి ఉంది. గల్లా దగ్గర కూర్చున్న యజమానికి చూపించాను. ‘ఆయ్, అది ప్యాకింగోళ్ళు ఏస్తారండి మాస్టారూ, మనం ఏం కలపమండి’ అన్నారు. ఆ ప్యాకింగ్ జరిగేది కొట్టు వెనక ఉన్న ఆయన షెడ్డులోనే.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఆ కొట్టులో 211 అని ముద్రించిన ప్యాకెట్టే నాకు అన్నిటికన్నా తక్కువ భయం కలిగించిన సరుకు. అసలు అడగవలసిన ప్రశ్నలన్నీ ఏ ముద్రా లేకుండా పళ్ళాలలో గుట్టగా పోసి అమ్మే వాటి గురించే.

ముందుగా ఆ అంకెల సంగతి. ప్యాకెట్ల వెనక కనిపించే 211, 330, 621 వంటివి ఐఎన్ఎస్ సంఖ్యలు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి 1963లో ఏర్పాటు చేసిన కోడెక్స్ కమిషన్ ఈ అంకెల పద్ధతిని నడుపుతుంది. ఐరోపాలో అవే అంకెలకు ముందు ‘ఇ’ అన్న అక్షరం చేరుస్తారు. అంకె ఉందంటే ప్రమాదం ఉందని కాదు, ఆ పదార్థానికి ఒక గుర్తింపు ఉందని మాత్రమే అర్థం. పసుపులోని పచ్చదనానికి మూలమైన కర్‌క్యుమిన్ సంఖ్య 100, విటమిన్ సి సంఖ్య 300, వెనిగర్‌లోని ఆమ్లం 260, మన ఇళ్ళలో నిమ్మ ఉప్పు అని పిలుచుకొనే సిట్రిక్ ఆమ్లం 330. ఈ 330 క్యాన్సర్ తెస్తుందని చెప్పే జాబితా ఒకటి నాకు ఏడాదికి రెండుసార్లయినా వాట్సాప్‌లో వస్తుంటుంది. దాని పూర్వీకుడు 1976లో ఫ్రాన్సులో పుట్టిన ఒక కరపత్రం. అక్కడి పేరున్న క్యాన్సర్ ఆసుపత్రి పేరు పెట్టుకొని చేతులు మారుతూ తిరిగింది, ఆ ఆసుపత్రి తమకు సంబంధం లేదని ఖండించినా ఆగలేదు. మన శరీరంలోని దాదాపు ప్రతి కణం శక్తి కోసం జరిపే రసాయన చర్యల చక్రంలో సిట్రిక్ ఆమ్లాన్ని తయారు చేసుకుంటుంది. ఆ చక్రాన్ని కనిపెట్టిన శాస్త్రవేత్త క్రెబ్స్ పేరుకు జర్మన్ భాషలో క్యాన్సర్ అనే అర్థం కూడా ఉండటం వల్లే ఈ గందరగోళం పుట్టిందని ఒక వివరణ ఉంది.

ఇక ఆవకాయలోని 211, అంటే సోడియం బెంజోయేట్. పులుపు ఉన్న పదార్థాలలోనే ఇది పని చేస్తుంది. ఆమ్లం సమక్షంలో బెంజోయిక్ ఆమ్లంగా మారి, బూజు, ఈస్టుల కణాలలోకి చొరబడి వాటి పెరుగుదలను అడ్డుకుంటుంది. మన నిబంధనలలో పచ్చళ్ళకు అనుమతించిన పరిమాణం కిలోకు 250 మిల్లీగ్రాములు. ఆ పరిమితి మేరకే కలిపారనుకుంటే, రోజుకు 30 గ్రాముల ఆవకాయ తినే మనిషికి అందేది ఏడున్నర మిల్లీగ్రాములు. ఐరోపా సంస్థలు పెట్టుకున్న రోజువారీ హద్దు శరీర బరువులో కిలోకు 5 మిల్లీగ్రాములు, అంటే అరవై కిలోల మనిషికి 300. జెక్ఫా అని పిలిచే అంతర్జాతీయ నిపుణుల సంఘం 2021లో ఆ హద్దును కిలోకు 20 మిల్లీగ్రాములకు పెంచింది కూడా. ఇదే ఆవకాయలో నూటికి పన్నెండు పాళ్ళు ఉప్పు ఉందనుకుంటే, ఆ 30 గ్రాములతో మూడున్నర గ్రాములకు పైగా ఉప్పు లోపలికి పోతుంది. రోజు మొత్తానికి ఉప్పు 5 గ్రాముల లోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రక్తపోటు ఉన్నవారు 211ను చూసి ప్యాకెట్టు పక్కన పెట్టి, అదే ఆవకాయ ఇంట్లో పెట్టుకొని రెండింతలు తింటే లాభమేమిటో నాకు అర్థం కాదు.

మా అమ్మ జాడీలో పెట్టిన ఆవకాయకు 211 అవసరం రాలేదన్నది నిజమే. ముక్కను తడి లేకుండా తుడవడం, ఉప్పు, కారం, ఆవపిండి ధారాళంగా వేయడం, పైన నాలుగు వేళ్ళ మందాన పప్పునూనె తేలేలా చూడటం, తడి గరిటె తగలనివ్వకపోవడం, ఇవన్నీ కలిసి చేసే పనిని కొట్టువాళ్ళు నూనె తగ్గించి, ప్యాకెట్టులో పోసి, చిటికెడు పొడితో చేయిస్తున్నారు. రుచి విషయంలో మాత్రం మొహమాటం లేకుండా చెప్పాలి: ఆవపిండి ఘాటు చచ్చిపోయి, వెనిగర్ పులుపు ముందుకు వచ్చింది. మాగాయ కొంత నయం. గోంగూర బాగుంది.

బెంజోయేట్ గురించి ఆలోచించవలసిన చోటు వేరే ఉంది, అది కొట్టు బయట బల్ల మీద ఎండలో నిలబెట్టిన నిమ్మ షర్బత్ సీసాలు. వాటి మీద 211, 300 రెండూ ఉన్నాయి. బెంజోయేటూ విటమిన్ సీ ఒకే పానీయంలో ఉన్నప్పుడు, వేడీ వెలుతురూ తగిలితే, కొద్దిపాటి బెంజీన్ పుట్టవచ్చు; బెంజీన్ రక్త క్యాన్సర్ కారకమని రుజువైన పదార్థం. ఈ సంగతి 1990 నుంచీ పానీయాల పరిశ్రమకు తెలుసు, 2006 ప్రాంతంలో అమెరికాలో మళ్ళీ పరీక్షలు జరిగి కొన్ని పానీయాల తయారీ పద్ధతులు మార్చారు. పుట్టే పరిమాణం సాధారణంగా చాలా తక్కువే. అయినా వైశాఖమాసపు ఎండలో సీసాలను అలంకారంగా పేర్చడం మానడానికి పైసా ఖర్చు లేదు. ఆ మాట చెబితే కుర్రాడు వెంటనే లోపలికి జరిపాడు, నెల తరువాత వెళ్ళేసరికి అవి మళ్ళీ ఎండలోనే ఉన్నాయి.

ఇప్పుడు పళ్ళాల దగ్గరికి వద్దాం. బూందీ లడ్డు, జిలేబి, మైసూర్ పాకు, మడత కాజా, గొట్టం కాజా, ఆకుపచ్చ హల్వా, గులాబీ రంగు కొబ్బరి బిళ్ళలు. తాపేశ్వరం కాజాకైనా కాకినాడ కాజాకైనా రంగు అవసరం లేదు. నూనెలో వేగిన మైదాకు, పాకానికి ఉన్న రంగే దాని రంగు, ఇక్కడ కూడా అలాగే ఉంది. లడ్డు మాత్రం శనగపిండి పసుపును దాటి కమలాపండు రంగుకు చేరింది. కొబ్బరి బిళ్ళల గులాబీ రంగు చేతికి అంటింది.

మన దేశంలో ఆహారంలో వాడదగిన కృత్రిమ రంగులు ఎనిమిది. పసుపు, నారింజ ఛాయలకు టార్ట్రజైన్, సన్‌సెట్ యెల్లో. ఎరుపుకు పోన్సో 4ఆర్, కార్మోయిసిన్, ఎరిత్రోసిన్. నీలానికి ఇండిగో కార్మైన్, బ్రిలియంట్ బ్లూ. ఆకుపచ్చకు ఫాస్ట్ గ్రీన్. మిఠాయిలలో వీటికి ఉన్న హద్దు కిలోకు 100 మిల్లీగ్రాములు. ఈ హద్దు పాటిస్తే 50 గ్రాముల లడ్డులో 5 మిల్లీగ్రాముల రంగు ఉంటుంది. సన్‌సెట్ యెల్లోకు రోజువారీ హద్దు శరీర బరువులో కిలోకు 4 మిల్లీగ్రాములు కాబట్టి, పదిహేను కిలోల పిల్లవాడు మూడు లడ్లు తిన్నా 15 మిల్లీగ్రాములే అవుతుంది, అతని హద్దు 60. లెక్క ఇంతవరకు హాయిగానే ఉంది. కాని ఈ లెక్కకు ఆధారం తూకం. వంటశాలలోకి తొంగి చూసినప్పుడు వంటమాస్టరు రంగు డబ్బాలో నుంచి మూడు వేళ్ళతో తీసి పాకంలో చల్లడం చూశాను. ఆ మూడు వేళ్ళు నాలుగింతలు తీస్తే అదే పిల్లవాడి హద్దు అక్కడికక్కడే నిండిపోతుంది. కారం, ఉప్పు చేతి కొలతతో వేసే నేర్పు మన వంటవాళ్ళకు ఉన్న గొప్ప విద్య, దాన్ని రంగు డబ్బా దాకా తీసుకెళ్ళకూడదు.

అంతకన్నా పెద్ద ప్రశ్న ఆ డబ్బాలో ఏముందన్నది. ఎనిమిదింటిలో లేని చౌక రంగులు మన ప్రాంతపు తిరునాళ్ళలో కొత్తవి కావు. పసుపు రంగు కోసం మెటానిల్ యెల్లో, పీచుమిఠాయికి రోడమిన్-బి కలుపుతారు. ఇవి బట్టలకు, కాగితాలకు వేసే అద్దకాలు, ఆహారంలో ఏ మోతాదులోనూ అనుమతి లేదు. 2024 ఫిబ్రవరిలో తమిళనాడు రోడమిన్-బి కలిసిన పీచుమిఠాయి అమ్మకాన్ని నిషేధించింది, మరుసటి నెలలో కర్ణాటక పీచుమిఠాయి, గోబీ మంచూరియాలలో కృత్రిమ రంగులను ఆపింది. నేను నాలుగు రకాలు ఇంటికి తెచ్చి, తెలిసినవారి ప్రయోగశాలలో లడ్డు రంగును నీళ్ళలోకి దించి హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్కలు వేశాను. మెటానిల్ యెల్లో ఉంటే వెంటనే నిలకడైన గులాబీ రంగు వస్తుంది. పసుపు పొడి ఉన్నా ఒక్క క్షణం అలాంటి రంగే కనిపిస్తుంది కాని నీళ్ళు పోస్తే పోతుంది. లడ్డులో రెండూ రాలేదు. దాని అర్థం మెటానిల్ యెల్లో కనబడలేదని మాత్రమే. ఉన్న రంగు ఏది, ఎంత అన్నది ఈ పరీక్ష చెప్పదు. ఆమ్లంతో ఇంట్లో ఎవరూ ఈ పని చేయవద్దు.

అనుమతించిన రంగుల మీద కూడా అనుమానం ఒకటి మిగిలే ఉంది. 2007లో బ్రిటన్‌లోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయం వారు మూడేళ్ళ పిల్లలకు, ఎనిమిది తొమ్మిదేళ్ళ పిల్లలకు ఆరు కృత్రిమ రంగులలో కొన్నిటినీ సోడియం బెంజోయేటునూ కలిపిన పానీయం ఇచ్చి పరిశీలించినప్పుడు కొందరిలో చంచలత్వం కొద్దిగా పెరిగిందని తేలింది. ప్రభావం చిన్నది, పిల్లలందరిలోనూ ఒకే తీరుగా లేదు, అందులో ఏ పదార్థం కారణమో విడదీసి చెప్పడానికి వీలు కాలేదు. అయినా ఐరోపా సమాఖ్య 2010 జూలై నుంచి ఆ ఆరు రంగులున్న సరుకుల మీద పిల్లల ఏకాగ్రత గురించి హెచ్చరిక రాయాలని నియమం పెట్టింది. ఆ ఆరింటిలో టార్ట్రజైన్, సన్‌సెట్ యెల్లో, పోన్సో 4ఆర్, కార్మోయిసిన్ మన ఎనిమిదింటిలోనూ ఉన్నాయి. మన ప్యాకెట్ల మీద కృత్రిమ రంగు ఉందని చెబుతారు కాని ఆ హెచ్చరిక ఉండదు. మా మనవడు రంగు లేని సున్నుండ తిన్నా కుదురుగా కూర్చోడు కాబట్టి మా ఇంటి అనుభవం ఈ విషయంలో సాక్ష్యానికి పనికిరాదు.

బేకరీ అరలో కేకుల మీద పెట్టే ఎర్రటి చెర్రీల గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. మన బేకరీలలో చెర్రీ అని పెట్టేది చాలావరకు మన వాక్కాయే. పప్పులో, పచ్చడిలో వేసుకొనే ఆ పుల్లటి కాయను గింజ తీసి, రంగు పోగొట్టి, చక్కెర పాకంలో ఊరబెట్టి, ఎరిత్రోసిన్ పట్టిస్తే పాశ్చాత్య ఫలమైపోతుంది. ఎరిత్రోసిన్ పెద్ద మోతాదులో ఇచ్చిన మగ ఎలుకలలో థైరాయిడ్ కంతులు కనిపించాయి. ఆ కారణంగా అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2025 జనవరిలో ఆహారంలో దాని అనుమతిని రద్దు చేసి, తయారీదారులకు 2027 జనవరి వరకు గడువు ఇచ్చింది. ఎలుకలలో జరిగిన ఆ హార్మోను మార్పు మనుషులలో అలాగే జరగదని అదే సంస్థ చెప్పింది. జంతువులలో క్యాన్సర్ కలిగించిన రంగును అనుమతించరాదన్న అక్కడి పాత చట్టం నిబంధన వల్ల తప్పనిసరై తీసేశారు. మన దేశంలో ఆ రంగుకు ఇప్పటికీ అనుమతి ఉంది. కోనసీమలో వాక్కాయ చెట్టు లేని ఊరు అరుదు, దాన్ని వాక్కాయగానే తింటే సరిపోతుంది. కేకు పిండి గట్టిగా ఉంది, కొనవద్దు.

రొట్టె ప్యాకెట్టు మీద 282, అంటే బూజు పట్టకుండా వేసే కాల్షియం ప్రొపియోనేట్ ఉంది. దానితో పేచీ లేదు. 2016లో ఢిల్లీలోని ఒక పర్యావరణ సంస్థ పరీక్షల తరువాత ఆ ఏడాదే పిండి పొంగడానికి వాడే పొటాషియం బ్రోమేట్‌ను మన దేశంలో నిషేధించారు, ఈ ప్యాకెట్టు మీద అది లేదు. కాజూ కత్లీ మీది వెండి రేకు 174. జంతు భాగాల మధ్య పెట్టి సాగదీసిన రేకును 2016 నిబంధనలు ఒప్పుకోవు. ఇక్కడిది ఎక్కడి నుంచి వస్తుందో యజమానికి తెలియదు, విజయవాడ నుంచి రేకుల కట్టలు తెస్తామని మాత్రం చెప్పారు.

నేను ఎక్కువసేపు నిలబడింది బెల్లం పూతరేకుల దగ్గర. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది; బోర్లించిన కుండ మీద పల్చటి పిండి గుడ్డను లాగి తీసే ఆ రేకుకు, దాని మీద రాసే నేతికి ఏ కలుపూ అక్కరలేదు. పేచీ లోపల చల్లే బెల్లంతో వస్తుంది. ఈ కొట్టులో చల్లే బెల్లం పొడి లేత నిమ్మపండు రంగులో ఉంది. చెరకు రసం కాచేటప్పుడు మడ్డి తీయడానికి పూర్వం సున్నం, బెండ జిగురు వాడేవారు, అప్పుడు వచ్చే బెల్లం ముదురు గోధుమ రంగులో ఉండేది. ఇప్పుడు చాలామంది వంటగాళ్ళు హైడ్రోస్ అనే సోడియం హైడ్రోసల్ఫైట్ చల్లుతారు. రసం తెల్లబడి, అచ్చు బంగారు రంగులో దిగుతుంది, మార్కెట్టులో ధర ఎక్కువ పలుకుతుంది. అలా తెల్లబరచిన బెల్లం నెలలు గడిచేకొద్దీ మళ్ళీ నల్లబడుతుంది కూడా. హైడ్రోస్ వేసిన బెల్లంలో సల్ఫైట్లు మిగులుతాయి. వాటిని సల్ఫర్ డయాక్సైడ్ లెక్కన కొలుస్తారు, మన నిబంధనలలో బెల్లానికి దాని హద్దు కిలోకు 70 మిల్లీగ్రాములు.

నా వంటి ఆరోగ్యవంతుడికి ఇది చిన్న విషయం. మా ఆవిడకు ముప్పై ఏళ్ళుగా ఉబ్బసం. ఉబ్బసం ఉన్నవారిలో కొద్దిమందికి, ముఖ్యంగా జబ్బు తీవ్రంగా ఉన్నవారికి, సల్ఫైట్లు పడవు. కడుపులోని ఆమ్లంతో కలిసినప్పుడు వెలువడే సల్ఫర్ డయాక్సైడ్ శ్వాసనాళాలను బిగుసుకునేలా చేస్తుంది. అలాంటివారికి రోజుకు ఇంత అన్న సగటు హద్దు అక్కరకు రాదు, తినబోయే దానిలో అది ఉందా లేదా అన్న సమాచారం కావాలి. అందుకే మన లేబుల్ నిబంధనలలో కిలోకు 10 మిల్లీగ్రాములు, ఆపైన సల్ఫైట్ ఉంటే వేరుశనగ, పాలు వంటి వాటితో పాటు అలర్జీ జాబితాలో చెప్పాలని ఉంది. అమెరికాలో 1986లో సలాడ్ కూరలూ పండ్ల మీద సల్ఫైట్ చల్లడాన్ని నిషేధించడానికి కారణం ఉబ్బసం రోగుల మరణాలే. ఇక్కడ విడిగా తూచి ఇచ్చే పూతరేకులకు లేబుల్ లేదు, ‘బెల్లం’ అన్న ఒక్క మాట తప్ప చెప్పే సమాచారం లేదు. చక్కెర కన్నా బెల్లం మంచిదని మధుమేహం, ఉబ్బసం రెండూ ఉన్నవారు కూడా ఆ బల్ల దగ్గర వరుసలో నిలబడుతున్నారు.

రొయ్యల పచ్చడి విషయంలోనూ ఇదే ప్రశ్న. చెరువు నుంచి తీసిన రొయ్య తల దగ్గర నల్లమచ్చలు పడకుండా సోడియం మెటాబైసల్ఫైట్ ద్రావణంలో ముంచడం డెల్టాలో ప్రతి రొయ్యల రైతుకూ తెలిసిన పని. విదేశాలకు వెళ్ళే సరుకుకు పచ్చి రొయ్యలో కిలోకు 100 మిల్లీగ్రాముల హద్దు ఉంది, పరీక్షలూ ఉన్నాయి. పచ్చడిలోకి వచ్చే రొయ్యకు అడిగేవారు లేరు. ఈ కొట్టు రొయ్యల పచ్చడి సీసా మీద 211 ఉంది, ఆ మెటాబైసల్ఫైట్ సంఖ్య 223 మాత్రం లేదు. రొయ్య ఎక్కడిదో చెప్పగలరా అని అడిగితే, ‘మన చెరువుల్లోదేనండి, పొద్దున్నే వస్తాదండి’ అన్నారు. రుచి మాత్రం అమోఘంగా ఉంది. నేను తిన్నాను, మా ఆవిడకు పెట్టలేదు.

మామిడి తాండ్రలో రెండు రకాలున్నాయి. ప్యాకెట్టులో వచ్చేది పసుపుపచ్చగా మెరుస్తుంది, వెనక 224 (మరో సల్ఫైట్), 102 (టార్ట్రజైన్ రంగు) ఉన్నాయి. చాప మీద పొరలు పొరలుగా ఆరబెట్టి తెచ్చేది నల్లగా, చాప గుర్తులతో ఉంటుంది. రెండోదే కొన్నాను.

‘షుగర్ లెస్’ అరతో నాకు స్వయంగా చేదు అనుభవం ఉంది. బల్ల మీద విడిగా పెట్టిన చక్కెర లేని హల్వా ముక్కలు ఐదు కూర్చున్న చోటనే తిన్నాను, ఆ రాత్రంతా కడుపు ఉరిమి పెరటి గుమ్మానికీ మంచానికీ మధ్య తిరిగాను. మరునాడు ఫోను చేసి అడిగితే మాల్టిటాల్‌తో చేస్తామని చెప్పారు. మాల్టిటాల్, సార్బిటాల్ వంటి చక్కెర ఆల్కహాళ్ళు చిన్న పేగులో పూర్తిగా ఇంకవు; పెద్ద పేగుకు చేరి నీటిని లాగుతాయి, అక్కడి సూక్ష్మజీవులు వాటిని పులియబెడతాయి. ఇది విషం కాదు, పరిమాణం మీద ఆధారపడిన సహజమైన పరిణామం. పది శాతానికి మించి ఉంటే విరేచనకారి కావచ్చన్న హెచ్చరిక ప్యాకెట్టు మీద రాయాలని మన నిబంధనే చెబుతోంది. విడి ముక్కకు ప్యాకెట్టు లేదు కాబట్టి హెచ్చరికా లేదు. ఇందులో పిండి, నెయ్యి యథాతథంగా ఉన్నాయన్నది కూడా మధుమేహం ఉన్నవారు గమనించాలి.

మిక్చరు, కారప్పూసలలో టేస్టింగ్ సాల్ట్ (621, అంటే మోనోసోడియం గ్లూటమేట్) వేస్తారని వాసనను బట్టి చెప్పే పెద్దలు మా వీధిలో ఉన్నారు. దానికి వాసనే లేదు. 1908లో జపాను శాస్త్రవేత్త ఇకెడా సముద్రపు నాచు నుంచి వేరు చేసిన ఆ గ్లూటమేట్ టమాటాలోనూ సహజంగా ఉంటుంది. 1968లో ఒక వైద్య పత్రికకు వచ్చిన ఒక ఉత్తరంతో దాని మీద తలనొప్పి అపవాదు మొదలైంది. ఇచ్చేవారికీ పుచ్చుకునేవారికీ తెలియకుండా చేసిన పరీక్షలలో ఆ లక్షణాలు నిలకడగా రాలేదు. ఈ వేపుళ్ళలో నా భయం నూనె మీద. 2018 జూలై నుంచి అమలులో ఉన్న నియమం ప్రకారం వాడిన నూనెలో పోలార్ పదార్థాలు (నూనె మళ్ళీ మళ్ళీ కాగి విరిగినప్పుడు పుట్టేవి) 25 శాతం దాటితే పారబోయాలి. ఈ కొట్టు మూకుడులో నూనె మధ్యాహ్నానికే కాఫీ రంగులో నురుగు కడుతోంది. చేగోడీలు ఉదయం పది లోపు కొన్నవి బాగున్నాయి, సాయంత్రం కొన్నవి గొంతులో పట్టేశాయి.

సేవ సంగతి. కాటా సరిగా ఉంది, డబ్బా బరువు తీసేసి తూస్తున్నారు. కుర్రాళ్ళు మర్యాదగా మాట్లాడుతున్నారు. పద్నాలుగు అంకెల లైసెన్సు సంఖ్య గోడ మీద కనిపిస్తోంది. విడి మిఠాయిల పళ్ళాల దగ్గర ఏ తేదీలోగా తినాలో రాయాలని మన దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2020 అక్టోబరు 1 నుంచి చెబుతూ ఉన్నా, మొదటి రెండుసార్లు వెళ్ళినప్పుడు ఒక్క పళ్ళెం దగ్గరా తేదీ లేదు. ధరలు బజారు ధరలే.

బోర్డు తీసేసి, ‘లడ్డులో అనుమతించిన రంగు ఉంది, పచ్చడిలో 211 ఉంది, ఈ బెల్లంలో హైడ్రోస్ లేదు’ అని రాయమని యజమానికి సలహా ఇచ్చాను. ఆయన నవ్వి, ‘మనం తీసేత్తే పక్కకొట్టాయన ఇంకా పెద్దది పెడతాడండి మాస్టారూ, అప్పుడు జనం అటెళ్ళిపోతారండి’ అన్నారు. ఆ మాటలో అబద్ధం లేదు, మాలాంటి కొనేవాళ్ళమే ఆ బోర్డుకు కూలి ఇస్తున్నాం. మూడోసారి వెళ్ళినప్పుడు బోర్డు అలాగే ఉంది, లడ్డు పళ్ళెం దగ్గర మాత్రం సుద్దముక్కతో తేదీ రాసి ఉంది.

వెళ్ళేవారు గొట్టం కాజా, సున్నుండలు, చాప తాండ్ర, మాగాయ, పొద్దుటి చేగోడీలు కొనవచ్చు. రంగు లడ్డు, కొబ్బరి బిళ్ళలు, కేకులు, విడి షుగర్ లెస్ ముక్కలు వదిలేయడం మేలు. హైడ్రోస్ వేయని నల్ల బెల్లంతో చుట్టిన పూతరేకులు కూడా వాళ్ళ దగ్గర ఉన్నాయి, చూడటానికి బాగుండవని బల్ల మీద పెట్టరు. పేరు పెట్టి అడిగితే లోపలి గదిలో నుంచి రేకు డబ్బాలో తెస్తారు.